పలక ముందా, పక్కటెముక ముందా? ఓడల చరిత్రని చదివిన ఎలక్ట్రీషియన్ కథ

ఈ ఎపిసోడ్ యుద్ధంతోనో, రాజుతోనో మొదలవ్వట్లేదు. నా డైనింగ్ టేబుల్ మీద జరిగిన ఒక చిన్న పరాజయంతో మొదలవుతోంది.

రెండేళ్ల కింద ఆన్‌లైన్‌లో ఒక చెక్క ఓడ కిట్ కొన్నాను. బాక్స్ మీద ఫొటో చూస్తే కళ్లు చెదిరిపోతాయి. మూడు తెరచాప కొయ్యలు, చిన్న చిన్న ఫిరంగులు, నిగనిగలాడే పాలిష్. లోపల చూస్తే మాత్రం నాలుగు ప్లైవుడ్ షీట్లు, చీపురు పుల్లల్లా కట్టలు కట్టిన సన్నటి చెక్క పట్టీలు. ఒక్కో పట్టీ అయిదు మిల్లీమీటర్ల వెడల్పు, మందం మిల్లీమీటరున్నర. అంతే.

మొదటి రోజు సూపర్‌గా గడిచింది. అడుగున పొడుగ్గా వెన్నెముక లాంటి ముక్క, దాన్ని కీల్ అంటారు. దానికి అడ్డంగా పక్కటెముకల్లాంటి ముక్కలు, వీటిని ఫ్రేములు అంటారు. గాడిలో గాడి పెట్టి గమ్ వేస్తే ఒక్క సాయంత్రంలో చేప అస్థిపంజరం లాంటిది తయారైంది. ఇంతేనా అనుకున్నా.

రెండో రోజు నుంచి అసలు సినిమా. ఆ ఎముకల మీద పట్టీలు అతికించాలి. దీన్నే ప్లాంకింగ్ అంటారు, అంటే పలకలు పరవడం. ఓడ నడుము దగ్గర బాగానే పడుకున్నాయి. ముక్కు దగ్గరికి రాగానే వంచబోతే టప్‌మని విరిగిపోయాయి. నీళ్లలో నానబెట్టి వంచాను, వంగాయి. కానీ పదో పట్టీ వచ్చేసరికి ముక్కు దగ్గర అవి ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. నడుము దగ్గర చూస్తే సందులు. ఓడ కాదు, తడిసి ఉబ్బిన అట్టపెట్టెలా తయారైంది.

ఆ టైంలో అమ్మ పుచ్చకాయ తెచ్చి టేబుల్ మీద పెట్టింది. నేను ఓడ వైపు చూసి పుచ్చకాయ వైపు చూశా. మీరూ ఒకసారి గుర్తు తెచ్చుకోండి, పుచ్చకాయ మీద ముదురాకుపచ్చ చారలు ఉంటాయి కదా. నడుము దగ్గర వెడల్పుగా ఉంటాయి, తొడిమ దగ్గరికి వచ్చేసరికి సన్నబడిపోతాయి. సన్నబడాల్సిందే, ఎందుకంటే నడుము చుట్టుకొలత ఎక్కువ, కొసల దగ్గర తక్కువ. అన్ని చారలకీ రెండు చోట్లా సరిపోవాలంటే ప్రతి చారా తన వాటా తగ్గించుకోవాలి.

ఓడ పలకదీ అదే కథ. కిట్‌లో పట్టీ ఒకే వెడల్పుతో వస్తుంది. దాన్ని ముక్కు వైపు బ్లేడుతో సన్నగా చెక్కుకోవడం మన పని. ఎంత చెక్కాలి? ప్రతి ఫ్రేము మీదా చుట్టుకొలత కొలిచి, ఎన్ని పలకలు రావాలో ఆ సంఖ్యతో భాగిస్తే, ఆ చోట పలక ఎంత వెడల్పు ఉండాలో తెలుస్తుంది. ఓడ తోక దగ్గర కొన్నిసార్లు దీనికి ఉల్టా జరుగుతుంది. అక్కడ చోటు ఎక్కువ, పలకలు చాలవు. అప్పుడు మధ్యలో త్రికోణం లాంటి అదనపు ముక్క దూర్చాలి.

సరే, ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, పీకేసి మళ్లీ మొదలుపెట్టేటప్పుడు నాకు ఒక డౌట్ వచ్చింది. కిట్‌లో ముందు ఎముకలు, తర్వాత చర్మం. నిజం ఓడలు కూడా ఇలాగే కట్టేవాళ్లా?

సమాధానం వింటే ఆశ్చర్యపోతారు. మనిషి ఓడలు కట్టిన చరిత్రలో ఎక్కువ కాలం ఇది తిరగేసి జరిగింది. ముందు చర్మం, తర్వాతే ఎముకలు. ఈ విషయాన్ని పలక పలకా వివరంగా మనకి చూపించిన వాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన మనిషి యూనివర్సిటీ నుంచి రాలేదు. పగలు ఇళ్లకి, ఫ్యాక్టరీలకి వైరింగ్ చేసి, ఖాళీ టైంలో మోడల్ ఓడలు కట్టుకునే ఒక ఎలక్ట్రీషియన్ ఆయన.

ప్రపంచంలోకెల్లా పాత కిట్

ఆయన దగ్గరికి వెళ్లే ముందు ఒకసారి ఈజిప్ట్ వెళ్లొద్దాం.

1954లో గిజాలో, ఖుఫు పిరమిడ్ పక్కన, రాతి పలకల కింద మూసేసి ఉన్న ఒక పొడవాటి గొయ్యి బయటపడింది. లోపల ఒక ఓడ ఉంది. కానీ ఓడలా లేదు, విడదీసి పేర్చి పెట్టి ఉంది. మొత్తం 1,224 ముక్కలు. 4,500 ఏళ్ల కిందటి లెబనాన్ దేవదారు చెక్క. అంటే అది ఒక ఫుల్ సైజు ఓడ కిట్. ఒకటే తేడా, ఇన్‌స్ట్రక్షన్ షీట్ లేదు.

దాన్ని బిగించే పని హగ్ అహ్మద్ యూసుఫ్ ముస్తఫా అనే ఆయన మీద పడింది. ఈయన పురాతన వస్తువుల్ని బాగుచేయడంలో ఘనుడు, కానీ ఓడల గురించి తెలియదు. ఏం చేశాడు? నైలు నది ఒడ్డున పడవలు కట్టే వాళ్ల దగ్గరికి వెళ్లి పని చూశాడు. ఆ తర్వాత ముక్కల్ని చిన్న సైజులో చేసుకుని మోడల్ కట్టాడు. ముందు మోడల్‌లో తప్పు చేస్తే ఫర్వాలేదు, అసలు చెక్క మీద తప్పు చేస్తే మళ్లీ రాదు. ఇంకో సంగతి, ఆ పాత వడ్రంగులు ముక్కల మీద గుర్తులు పెట్టారు. ఓడని నాలుగు భాగాలు చేసుకుని, ఏ ముక్క ఏ భాగానిదో ఒక్కో గుర్తు. మన కిట్‌లో నంబర్లు ఉన్నట్టే.

పెట్టడం, విప్పడం, మళ్లీ పెట్టడం. ఇలా పదేళ్లకి పైగా పట్టింది. చివరికి 43 మీటర్ల ఓడ నిలబడింది. 2021లో దాన్ని గిజాలోని కొత్త గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియంకి తీసుకెళ్లారు.

ఇక్కడ మనకి కావాల్సిన పాయింట్ ఏంటంటే, ఆ ఓడ పలకల్ని పట్టి ఉంచింది మేకులు కాదు, తాళ్లు. పలకల లోపలి వైపు వి ఆకారంలో బెజ్జాలు, అందులోంచి తాడు పోనిచ్చి ఓడ ఒక పక్క నుంచి ఇంకో పక్క దాకా కుట్టేశారు. లోపలి ఫ్రేములు తర్వాత వచ్చాయి. ఓడకి ఆకారం ఇచ్చింది పలకలే.

వైరింగ్ మేస్త్రీ, మునిగిన ఓడ

ఇప్పుడు మన హీరో. పేరు జె. రిచర్డ్ స్టెఫీ. 1924లో పుట్టాడు. ఊరు అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో డెన్వర్ అనే చిన్న పట్నం. రెండో ప్రపంచ యుద్ధంలో నేవీలో పనిచేశాడు. తర్వాత కుటుంబంతో కలిసి ఎలక్ట్రికల్ కాంట్రాక్టు వ్యాపారం. ఆర్కియాలజీ చదువుకోలేదు. కానీ చిన్నప్పటి నుంచి పడవలంటే పిచ్చి. ఇంట్లో కూర్చుని మోడల్ ఓడలు కట్టేవాడు.

1960ల్లో జార్జ్ బాస్ అనే ఆర్కియాలజిస్ట్ సముద్రం అడుగున, మట్టిలో తవ్వినంత పద్ధతిగా తవ్వకాలు మొదలుపెట్టాడు. టర్కీ దగ్గర యాసి అడా అనే దీవి పక్కన 7వ శతాబ్దపు ఓడ దొరికింది. నీళ్ల కింద వందల ఏళ్లు నానిన చెక్క తేలిగ్గా దొరకదు, చాలా భాగం పురుగులు తినేస్తాయి. మిగిలిన ముక్కల్ని కాగితం మీద గీసి, ఓడ ఇలా ఉండేది అని ఊహించేవారు. స్టెఫీ బాస్‌ని కలిసి, ఈ ఓడని నేను మోడల్‌గా కట్టి చూస్తాను అన్నాడు.

ఈ చిన్న మాట వెనక పెద్ద ఆలోచన ఉంది. కాగితం మీద పెన్సిల్ ఎటు తిప్పితే గీత అటు వంగుతుంది. చెక్క అలా వంగదు. నేను రెండో రోజు విరగ్గొట్టిన పట్టీలే సాక్ష్యం. డ్రాయింగ్‌లో అందంగా కనపడే ఆకారానికి చెక్క ఒప్పుకోకపోతే, ఆ డ్రాయింగ్ తప్పు. మోడల్ కట్టడం అంటే చెక్కని అడిగి చూడటం. ఈ ఆకారం నిజంగా సాధ్యమేనా, ఈ వరసలోనే కట్టారా, ఈ మేకు ఇక్కడ కొట్టాలంటే అప్పటికి పక్క పలక వచ్చి ఉండాలా వద్దా? ఇవన్నీ చేతులకి తగిలే ప్రశ్నలు.

ఈలోగా సైప్రస్ దీవి ఉత్తర తీరంలో కైరీనియా అనే ఊరి దగ్గర ఇంకో ఓడ బయటపడింది. 1965లో ఆండ్రియాస్ కారియోలూ అనే స్థానిక డైవర్ కంట పడింది. మైకేల్ కాట్జెవ్ టీమ్ 1960ల చివర్లో తవ్వింది. దాదాపు 2,300 ఏళ్ల కిందటి గ్రీకు వాణిజ్య ఓడ. 14 మీటర్ల పొడవు, అంతే. రాజులది కాదు, చిన్న వ్యాపారులది. అందులో 400 దాకా ద్రాక్షసారాయి జాడీలు, వేలకొద్దీ బాదంకాయలు, తిరగలి రాళ్లు. తినే గిన్నెలు నాలుగేసి దొరికాయి కాబట్టి సిబ్బంది నలుగురు అయ్యుంటారని లెక్కగట్టారు.

అదృష్టం ఏంటంటే, ఓడ చెక్కలో సగానికి పైగా మిగిలింది. అన్ని వేల ముక్కల్నీ ఒక్కొక్కటిగా పైకి తెచ్చి, చెక్క ఎండి ముడుచుకుపోకుండా పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే మైనం లాంటి పదార్థంలో నానబెట్టారు. మరి వాటిని బిగించేదెవరు? అలాంటి ఉద్యోగం అప్పటికి ప్రపంచంలో లేదు. స్టెఫీ దాదాపు 48 ఏళ్ల వయసులో నడుస్తున్న వ్యాపారాన్ని వదిలేసి, భార్యాపిల్లల్ని తీసుకుని సైప్రస్ వచ్చేశాడు.

ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. మన ఇళ్లలో ఎవరైనా 48 ఏళ్లకి, ఉన్న కాంట్రాక్టులన్నీ వదిలేసి, మునిగిపోయిన ఓడ చెక్కలు అతికించడానికి పరాయి దేశం పోతున్నా అంటే ఇంట్లో ఏమంటారు? ఊళ్లో ఏమంటారు? ఆయన కొడుకు లోరెన్ స్టెఫీ తర్వాత నాన్న గురించి ఒక పుస్తకమే రాశాడు. దాని పేరుకి అర్థం, ఓడలా ఆలోచించిన మనిషి.

గాడి, నాలుక, మేకు

కైరీనియా కోటలో స్టెఫీ ఆ ముక్కల్ని ఒక్కొక్కటీ నిలబెట్టాడు. పక్కన చిన్న మోడల్స్ కడుతూ, వాటిలో తేలిన విషయాన్ని పెద్ద ఓడ మీద పరీక్షిస్తూ. అప్పుడు బయటపడ్డ పనితనం వినండి.

మన పాత మంచం గుర్తు తెచ్చుకోండి. కోడుకి బెజ్జం తొలిచి, పట్టె కొసని అందులో దిగేస్తారు. ఆ గ్రీకు వడ్రంగులు ఇదే పని ఓడ పలకలకి చేశారు. కింది పలక అంచులో గాడి, పై పలక అంచులో సరిగ్గా దానికి ఎదురుగా గాడి. మధ్యలో గట్టి చెక్క నాలుక. పై పలకని కొట్టి దింపితే నాలుక రెండిట్లోనూ దిగుతుంది. తర్వాత పైనా కిందా ఒక్కో కొయ్యసీల అడ్డంగా కొట్టి నాలుకని కదలకుండా లాక్ చేస్తారు. ఇలాంటివి సుమారు 12 సెంటీమీటర్లకి ఒకటి. ఓడ చుట్టూ, ప్రతి పలకకీ, ఈ కొస నుంచి ఆ కొస దాకా. అంటే వేలల్లో. గాడి ఒక్కటి తప్పు చోట తొలిచినా పలక కూర్చోదు.

ఇలా కుట్టు కుట్టుగా చిప్ప తయారయ్యాక, అప్పుడు లోపల ఫ్రేములు పెట్టి రాగి మేకులతో బిగించారు. అంటే ఫ్రేము, పలక ఆకారాన్ని చూసి తనని చెక్కుకుంది. నా కిట్‌లోనేమో పలక, ఫ్రేముని చూసి వంగాలి.

మరి లోపల ఎముకలు లేకుండా ఆకారం ఎలా తెలుస్తుంది? కంటి కొలత. ఈ పలక ఇంకొంచెం వెడల్పు చేస్తే పొట్ట ఇంత ఉబ్బుతుంది, ఆ అంచుని కొంచెం వాలుగా చెక్కితే పక్క పలక అంత పైకి లేస్తుంది. ప్లాన్ కాగితం మీద ఉన్న దాఖలా లేదు, మేస్త్రీ కంట్లో ఉంది. ఉత్తర ఐరోపాలో వైకింగ్‌లు కూడా ముందు చర్మమే కట్టారు. కాకపోతే వాళ్లు పలకల్ని అంచుకి అంచు కాకుండా, మన పెంకుటింటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కించి మేకులు కొట్టారు.

1974లో సైప్రస్‌లో యుద్ధం వచ్చింది. దీవి రెండు ముక్కలైంది. ఆ ఓడ మాత్రం కోటలోనే ఉండిపోయింది. ఈరోజుకీ అక్కడే ఉంది. 1980ల్లో గ్రీస్‌లో దానికి ఫుల్ సైజు నకలు కట్టారు, అదే పాత పద్ధతిలో, ముందు పలకలు పెట్టుకుంటూ. పేరు కైరీనియా 2. అది బ్రహ్మాండంగా తేలింది, సముద్రం మీద ప్రయాణాలు చేసింది.

ఎప్పుడు తిరగబడింది?

మరి చర్మం ముందు అనే పద్ధతి, ఎముకలు ముందు అని ఎప్పుడు మారింది? స్టెఫీ చేతి మీదుగా వెళ్లిన మూడు ఓడల్ని పక్కపక్కన పెడితే ఆ మార్పు ఫ్లిప్‌బుక్‌లా కనపడుతుంది.

మొదటిది కైరీనియా, దాదాపు 2,300 ఏళ్ల కిందటిది. 12 సెంటీమీటర్లకో నాలుక, ప్రతి దానికీ కొయ్యసీలలు. రెండోది యాసి అడా, 7వ శతాబ్దం. అందులో నాలుకలు ఉన్నాయి కానీ కొన్నిచోట్ల 90 సెంటీమీటర్ల దూరంలో ఒకటి. సీలలు లేవు. నీటి మట్టం దాటి పైకి వచ్చాక నాలుకలే లేవు, ఫ్రేములకి నేరుగా పలకలు మేకులు కొట్టేశారు. అంటే ఒకే ఓడ, కింద సగం పాత పద్ధతి, పైన సగం కొత్త పద్ధతి. మూడోది సెర్చె లిమానీ. టర్కీ తీరంలోనే దొరికిన 11వ శతాబ్దపు ఓడ, టన్నులకొద్దీ గాజుతో మునిగింది. అందులో నాలుకల ఊసే లేదు. ముందు కీల్, ఫ్రేములు, వాటి మీద పలకలు. అచ్చం నా కిట్.

ఆ తర్వాత వేరే చోట్ల దొరికిన ఓడల్ని బట్టి, ఈ మార్పు కొన్ని ప్రాంతాల్లో ఇంకా ముందే మొదలైందని తేలింది. ఒక్కరోజులో, ఒక్కరి బుర్రలో పుట్టింది కాదు. వందల ఏళ్లు పట్టింది.

ఎందుకు మారింది? పరిశోధకులు ముఖ్యంగా చెప్పేది ఖర్చు. వేల గాడులు తొలవాలంటే ప్రతి వడ్రంగీ పెద్ద మేస్త్రీ అవ్వాలి, టైం కూడా ఎక్కువ. చెక్క కూడా చాలా వృథా. ఫ్రేములు ముందు పెడితే, ఒక్క మేస్త్రీ ఆకారం నిర్ణయిస్తాడు, మిగతావాళ్లు పలకలు కొట్టుకుంటూ పోతారు. తక్కువ నైపుణ్యం ఉన్నవాళ్లతో పెద్ద ఓడ కట్టొచ్చు. పైగా ఫ్రేముల కొలత ఉంటే అదే ఓడని మళ్లీ కట్టొచ్చు. కొలంబస్, వాస్కో డ గామా ఎక్కిన ఓడలు ఈ దారిలో వచ్చినవే.

ఇందులో లాభం ఎంత ఉందో నష్టం కూడా ఒకటి ఉంది. ఇంతకుముందు తెలివి ప్రతి వడ్రంగి చేతిలో ఉండేది. ఇప్పుడు అది ఒక్క డిజైనర్ దగ్గరికి, కాగితం మీదికి వెళ్లింది. ఫ్యాక్టరీలు రాకముందే ఫ్యాక్టరీ ఆలోచన ఓడల రేవుల్లో మొదలైంది అని నాకు అనిపిస్తుంది.

స్టెఫీ తర్వాత టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో పాఠాలు చెప్పాడు. 1985లో మెక్‌ఆర్థర్ ఫెలోషిప్ వచ్చింది. మేధావుల గ్రాంట్ అని పిలుచుకునే గౌరవం అది. 1994లో ఆయన రాసిన పుస్తకం ఇప్పటికీ ఈ రంగంలో పాఠ్యపుస్తకం లాంటిది. 2007లో చనిపోయాడు.

మన తీరం మాటేంటి?

ఇక్కడిదాకా విని, అన్నా, అన్నీ గ్రీకులు ఈజిప్షియన్లేనా, మనకేం లేదా అని కామెంట్ పెట్టబోతున్నారని తెలుసు. ఉంది.

శాతవాహనుల సీసపు నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉంటుంది. అంత చిన్న నాణెం మీద ఓడ వేయించారంటే సముద్రం వాళ్లకి ఎంత ముఖ్యమో అర్థమవుతుంది. కానీ ఆ ఓడ పలకలు ఎలా కలిపారో బొమ్మ చెప్పదు. అలాంటి ఓడ ఒక్కటి మన తీరంలో దొరికితే స్టెఫీ లాంటి వాళ్లకి పండగే.

అయితే మన దగ్గర బతికి ఉన్న సాక్ష్యం ఒకటి చాలా కాలం తిరిగింది. అదే మసూలా పడవ. మద్రాసు నుంచి మన కోస్తా మీదుగా ఒడిశా దాకా వాడేవారు. మద్రాసుకి 19వ శతాబ్దం చివరిదాకా సరైన హార్బర్ లేదు. పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసుకునేవి. అక్కడి నుంచి మనుషుల్ని, సరుకుల్ని ఒడ్డుకి తేవాలంటే మధ్యలో విరుచుకుపడే అలలు దాటాలి. ఇంగ్లీషు వాళ్లు తెచ్చిన గట్టి పడవలు ఆ అలల్లో ఇసుకకి కొట్టుకుని పగిలిపోయేవి. మసూలా పడవ మాత్రం దాటేది.

ఎందుకు? దానికి పక్కటెముకలు లేవు. మేకులూ లేవు. పలకల అంచులకి బెజ్జాలు వేసి, కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. కుట్టు కింద సందులో నీళ్లు రాకుండా పీచో గడ్డో దట్టంగా కూరేవారు. అల ఎత్తి ఇసుక మీద కుదేసినా పడవ మొత్తం కాస్త వంగి, దెబ్బని మింగేసి, మళ్లీ తన ఆకారానికి వచ్చేది. గట్టిగా ఉన్నది విరిగింది, వంగేది బతికింది. కొంచెం నీళ్లు కారేది, తోడి పోసుకునేవాళ్లు. అది లోపం కాదు, ఒప్పందం.

ఈ పడవ గురించి రాసిన తెల్లదొరలు కొంతమంది దీన్ని మొరటు పడవ అనుకున్నారు. ప్రాణం కాపాడుకోవడానికి మాత్రం అందులోనే ఎక్కారు. ముందు చర్మం అనే పద్ధతిలో ఇది ఒక చివరి కొస. ఇక్కడ ఎముకలు తర్వాత కూడా రావు.

ఇటు గోదావరి పాయ పక్కన కోరంగి దగ్గర పెద్ద సముద్రపు ఓడలే కట్టేవారు, రిపేర్లు చేసేవారు. బర్మాలో తెలుగువాళ్లని కోరంగీలు అని పిలిచారంటే ఆ రేవు ఎంత పేరున్నదో చూడండి. 1839 తుఫాను ఆ ఊరిని కొట్టేసింది, ఆ తర్వాత మునుపటి వైభవం రాలేదు. ఇనుప ఓడలు, స్టీమర్లు వచ్చాక చెక్క ఓడల కాలమే అయిపోయింది. ఆ మేస్త్రీల లెక్కలు చేతి నుంచి చేతికి వచ్చినవి. చేతులు పోతే లెక్కలూ పోతాయి.

కౌండిన్య

పోయినదాన్ని తిరిగి తేవొచ్చా? ఈమధ్యే మన దేశంలో ఒక ప్రయత్నం జరిగింది. అజంతాలో 5వ శతాబ్దపు ఓడ బొమ్మ ఒకటి ఉంది. దాన్ని చూసి నిజం ఓడ కట్టాలనుకున్నారు. 2023లో సాంస్కృతిక మంత్రిత్వ శాఖ, భారత నౌకాదళం, హోడి ఇన్నోవేషన్స్ అనే సంస్థ కలిసి ఒప్పందం చేసుకున్నాయి. సమస్య ఏంటంటే, ఉన్నది ఒక్క గోడ బొమ్మ. కొలతలు లేవు, అడుగు భాగం కనపడదు, డ్రాయింగ్ లేదు. స్టెఫీకి కనీసం చెక్కలు దొరికాయి, వీళ్లకి రంగు మాత్రమే.

అందుకే ఇక్కడ కూడా మోడలే దిక్కైంది. ఐఐటీ మద్రాసు సముద్ర ఇంజినీరింగ్ విభాగంలో నమూనా పెట్టి నీళ్లలో ఎలా నడుస్తుందో పరీక్షించారు. కట్టింది మాత్రం కేరళకి చెందిన మేస్త్రీ బాబు శంకరన్ నాయకత్వంలోని వడ్రంగులు. కొబ్బరి పీచు తాడుతో పలకల్ని కుట్టుకుంటూ వచ్చారు. 2025 మే నెలలో కార్వార్‌లో దాన్ని నౌకాదళంలో చేర్చారు. పేరు ఐఎన్‌ఎస్‌వీ కౌండిన్య. ఆగ్నేయాసియాకి ఓడలో వెళ్లాడని కథల్లో చెప్పుకునే నావికుడి పేరు అది. 2025 డిసెంబర్ చివర్లో పోర్‌బందర్ నుంచి బయల్దేరి, 2026 జనవరిలో ఒమన్‌లోని మస్కట్ చేరింది.

ఇందులో నాకు నచ్చింది జెండా ఊపడం కాదు. పలక కుట్టడం వచ్చిన మనుషులు ఇంకా కొద్దిమంది మిగిలి ఉండబట్టి ఇది సాధ్యమైంది. ఇంకో ముప్ఫై ఏళ్లు ఆగి ఉంటే డబ్బు ఉండేది, ఇంజినీర్లు ఉండేవాళ్లు, కుట్టే చేతులు ఉండేవో లేదో.

మళ్లీ నా టేబుల్ దగ్గరికి

నా ఓడ ఏమైందని అడుగుతారు కదా. పలకలన్నీ నీళ్లు కొట్టి, గమ్ మెత్తబడ్డాక పీకేశా. ఫ్రేముల అంచుల్ని సాండ్‌పేపర్‌తో వాలుగా రుద్దాను, ముందు ఆ పని చేయకపోవడమే నా మొదటి తప్పు. ఫ్రేము అంచు చదునుగా ఉంటే పలక ఒక మూలకే తగులుతుంది, మొత్తం ఆనదు. తర్వాత పుచ్చకాయ లెక్క వేసి, ప్రతి పట్టీనీ ముక్కు వైపు సన్నగా చెక్కా. ఒకటి కుడి వైపు పెడితే వెంటనే ఎడమ వైపు ఇంకొకటి. ఒక పక్కే పెట్టుకుంటూ పోతే ఎండే కొద్దీ లాగి మొత్తం ఓడే మెలిక తిరుగుతుంది. ఒక్క పొట్ట పూర్తవ్వడానికి నాలుగు నెలలు పట్టింది. ఇంకా అక్కడక్కడా సందులు ఉన్నాయి, చెక్కపొడిలో గమ్ కలిపి పూడ్చాను. నా ఓడ నీళ్ల మీద తేలదు, షోకేస్‌లో తేలుతోంది.

కానీ ఆ నాలుగు నెలల్లో చేతికి వచ్చింది పుస్తకంలో దొరకలేదు. చెక్క ఏ దిక్కున వంగుతుంది, ఎక్కడ మొండికేస్తుంది, విరిగే ముందు ఎలాంటి చప్పుడు చేస్తుంది. స్టెఫీకి ఉన్నది ఇదే, ఇంతకి వెయ్యి రెట్లు. అందుకే 2,300 ఏళ్ల కిందటి మేస్త్రీ ఏ పలక తర్వాత ఏ పలక పెట్టాడో ఆయన చదవగలిగాడు.

ఇప్పుడు మీకో చిన్న పని. మీ ఊళ్లో, మీ ఇంట్లో చేతి పని తెలిసిన పెద్దవాళ్లు ఉంటారు. పడవ కట్టేవాళ్లు, ఎడ్లబండి చక్రం చేసేవాళ్లు, వల అల్లేవాళ్లు, మగ్గం సరిచేసేవాళ్లు. మీ చేతిలో ఫోన్ ఉంది. ఒక ఆదివారం వెళ్లి కూర్చుని, ఆ పని మొదటి నుంచి చివరి దాకా వీడియో తీయండి. ఏది ముందు, ఏది తర్వాత, ఎందుకు అని అడగండి. ఎంత అని మాత్రమే కాదు, ఎలా తెలుస్తుంది తాతా అని అడగండి. వాళ్లు నవ్వి, అదేముందిరా, కంటికి తెలుస్తుంది అంటారు. అక్కడే కెమెరా ఆపేయకండి. చరిత్ర సరిగ్గా అక్కడి నుంచే మొదలవుతుంది.

ఈ ఎపిసోడ్ నచ్చితే, ఎవరికి చూపిస్తే ఆ వీడియో తీయడానికి బయల్దేరతారో వాళ్లకి పంపండి. మళ్లీ కలుద్దాం. ఉంటాను మరి.